కొలువు బొమ్మకు పాత ఇత్తడి వన్నె

దసరాలకు ఇంకా రెండు నెలలు గడువున్నది. అటక మీది పెట్టెలు ఇప్పుడే దింపడమేమిటని ఇంట్లోవారు విసుక్కుంటారు గాని, రంగుపని తలపెట్టినవారికి ఇదే అదను. పూతకూ పూతకూ నడుమ ఆరుదల కావాలి, ఆరుదలకు పొడి గాలి కావాలి. నవరాత్రులు ముంచుకొచ్చినాక ఆ రెండూ దొరకవు. సంక్రాంతికి కొలువు తీర్చే కోస్తా ఆచారం వదలని చదువరులకు మరింత తీరిక ఉన్నది గనుక, వారు ఈ సంచిక దాచుకుంటే చాలును.

ఈ మాసం ముచ్చట, మట్టి బొమ్మకు గాని, కాగితపు గుజ్జు బొమ్మకు గాని, ప్లాస్టరు బొమ్మకు గాని పాత లోహపు వన్నె తెప్పించడం. ఇద్దరు ముగ్గురు సోదరీమణులు ఈ సంగతి వ్రాయమని చాలాకాలంగా అడుగుతున్నారు. వారెందుకు అడుగుతున్నారో మాకు తెలియకపోలేదు. మన ఇళ్ళలో ఒకప్పుడు కొలువు పై మెట్టున నాలుగు ఇత్తడి బొమ్మలైనా ఉండేవి. స్టీలు సామాను మోజు పట్టిన రోజుల్లో, పాత సామాన్లవాడు వీధిలో కేక వేయగానే, సొట్టపడిన బిందెతోపాటు పాకే బాలకృష్ణుడు కూడా తక్కెడ ఎక్కాడు. బదులుగా ఒక టిఫిను డబ్బా వచ్చింది. అలా పోగా మిగిలినవి పంపకాలలో చెదిరినవి. పెద్దన్నయ్య వాటాకు రాముడు వెళితే చిన్నతమ్ముడి ఇంట సీతమ్మ ఉండిపోయింది. ఇప్పుడు మనుమరాళ్ళు కొలువు తీరుస్తూ, "నానమ్మ ఫొటోలో పై మెట్టు మీద ఉన్న బొమ్మ ఏదీ?" అని అడుగుతున్నారు. కొత్త ఇత్తడి కొందామంటే ధర అందదు. కొన్నా అది తళతళలాడుతూ పెళ్ళికొడుకులా నిలబడుతుంది గాని, తిరుపతి చెక్కబొమ్మల జంట పక్కన ఇమడదు.

అందుకని ప్లాస్టరు బొమ్మకు వయసు తెప్పించే పని. ఇది కష్టమైన పని కాదు. కాని దుకాణంలో ‘ఆంటిక్’ అని వ్రాసిన సీసా ఒకటి కొని బొమ్మనంతా పూసేస్తే బొమ్మ పాతదవదు, మురికిదవుతుంది. కారణమేమంటే, లోహానికి వయసు అన్ని చోట్లా ఒక్కలాగ రాదు. చెయ్యి అందినచోట ఒకలాగ, అందనిచోట ఒకలాగ, నీరు నిలిచినచోట మరొకలాగ వస్తుంది. ఈ మూడు చోట్లూ గుర్తించడం వస్తే సగం పని అయినట్టే. మిగతా సగం గుడ్డతో తుడవడం.

అసలు పాతదనంలోనే రకాలున్నవి. కుంచె పట్టకముందు మన బొమ్మకు ఏ పాతదనం కావాలో తేల్చుకోవాలి.

మొదటిది ఇంటి పాత. మీ పూజగదిలో అత్తగారి కాలం నాటి ఇత్తడి వినాయకుడో, దీపపు కుందో ఉంటే కిటికీ దగ్గరకు తెచ్చి చూడండి. ఏళ్ళ తరబడి చింతపండుతో, బూడిదతో తోమడం వల్ల పొట్ట, మోకాళ్ళు, కిరీటపు అంచు పచ్చగా, నునుపుగా ఉంటవి. ముక్కు, కనుబొమ్మలు అరిగి మెత్తబడి ఉంటవి. సందులలో మాత్రం నూనె మసి నల్లగా పేరుకొని ఉంటుంది. చెవి వెనక ఎప్పటి చందనమో గట్టిపడి ఉంటుంది. పీఠం గాడిలో కుంకుమ మరక ఉంటుంది. ఇంటి ఇత్తడిలో ఆకుపచ్చ చాలా తక్కువ. ఎందుకంటే పచ్చబడనిచ్చే ఇల్లాలు మన ఇళ్ళలో లేదు.

రెండవది గుడి పాత. ఉత్సవ విగ్రహాలను చూసే ఉంటారు. అభిషేకాలు, తైలం, చందనం, అర్చకుల చేతులు కలిసి ఆ పంచలోహాన్ని ముదురు గోధుమ రంగులోకి తెస్తవి. మెరుపు ఉంటుంది గాని అది తోమిన మెరుపు కాదు, చేతి నునుపు. మొహాన నగిషీ చాలా చోట్ల అరిగి చెరిగిపోయి ఉంటుంది.

మూడవది భూమి పాత. మట్టిలో వందలేళ్ళు పడి ఉండి బయటపడిన కంచు. ఇక్కడ ఆకుపచ్చ పొర గట్టిగా ఉంటుంది, దాని కింద అక్కడక్కడ ఎరుపు తొంగిచూస్తుంది. చెన్నపట్నంలో ఉన్నవారు ఎగుమూరు ప్రభుత్వ మ్యూజియానికి ఒక ఆదివారం పిల్లలను తీసుకొని వెళ్ళండి. 1851లో నెలకొన్న ఆ మ్యూజియంలో చోళుల కాలపు కంచు విగ్రహాలు ఒక శాల నిండా ఉన్నవి. పిల్లలు విగ్రహాలను చూస్తారు. మీరు విగ్రహాల మోచేతి మడతలు చూడండి.

నాలుగవది వాన పాత. అయలెండు మైదానం దగ్గర గుర్రం మీద కూర్చున్న మన్రో దొర విగ్రహం 1839 నుంచి ఎండకూ వానకూ సముద్రపు గాలికీ నిలబడి ఉన్నది. రాయలసీమవారికి మన్రో పేరు కొత్త కాదు గనుక ఆ దారిన పోయేటప్పుడు ఒక చూపు చూడండి. వాన కడిగే వీపు ఒక తీరు, వాన అందని గుర్రపు పొట్ట ఒక తీరు. న్యూయార్కు రేవులోని స్వేచ్ఛాదేవి 1886లో నిలిపిననాడు రాగి రంగులోనే ఉండేది. 1920 నాటికి పూర్తిగా పచ్చబడింది. పరదేశపు బొమ్మల పుస్తకాలు చూసి మనవారు బొమ్మకంతా పచ్చరంగు పూస్తారే, అది ఈ వాన పాత. నాలుగు గోడల మధ్య పుట్టి పెరిగిన బాలకృష్ణుడికి అది నప్పదు.

ఈ పచ్చదనాన్ని మనం చిలుమనీ కిలుమనీ అంటాము. కన్నడంలో కిలుబు, తమిళంలో కళింబు. ఇరుగుపొరుగు భాషలవాళ్ళం మనందరం ఒకే బిందె తోముకున్నామనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. రాగికి ముందు గాలి తగిలి గోధుమరంగు, తరువాత నలుపు వస్తుంది. తేమ, గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసినప్పుడు ఆకుపచ్చ పొర కడుతుంది. సముద్రతీరాన ఉప్పు కూడా చేరుతుంది. ఇత్తడిలోనూ కంచులోనూ ఉన్నది ముఖ్యంగా రాగే గనుక రెండింటికీ ఇదే వరస. ఇత్తడిలో రాగికి జింకు తోడు, కంచులో తగరం తోడు. ముందు నలుపు, తరువాత పచ్చ అన్న ఈ వరస మరిచిపోకండి. మన పూతలు కూడా ఇదే వరసలో వెయ్యాలి.

ఇక పని. జానెడు ఎత్తు ప్లాస్టరు బొమ్మ ఒకటి తీసుకొందాము. అచ్చు అతుకు గీత పక్కల కనిపిస్తుంది. దానిని నెంబరు ఎక్కువ ఉన్న గరుకు కాగితంతో, అనగా తమిళ వడ్రంగులు ఉప్పుత్తాళ్ అనే కాగితంలో సన్న రకంతో, మెత్తగా రుద్ది తీసేయాలి. ఈ ఒక్క గీత ఉంటే తరువాత ఎంత పాతదనం పూసినా దండుగ. పోతబోసిన లోహం కాదని మొదటి చూపులోనే తెలిసిపోతుంది. దుమ్ము దులిపి, ఫెవికాల్ ఒక పాలు, నీళ్ళు మూడు పాళ్ళు కలిపి రెండు పూతలు ఇవ్వండి. ప్లాస్టరు నీళ్ళు తాగే వస్తువు; దాని దాహం ముందే తీర్చకపోతే మీ రంగంతా తాగేస్తుంది. కాగితపు గుజ్జు బొమ్మకు ఒక పూత చాలు, అది కూడా పలచగా. నీరు ఎక్కువైతే గుజ్జు ఉబ్బుతుంది.

మరునాడు అడుగు రంగు. నీటిలో కలిసే అక్రిలిక్ రంగులు ఇప్పుడు పిల్లల పుస్తకాల దుకాణాలలో దొరుకుతున్నవి. కామెల్ అయినా, ఫెవిక్రిల్ అయినా సరే. బర్న్ట్ అంబర్ అనే కాఫీగింజ రంగు మూడు పాళ్ళు, నలుపు ఒక పాలు కలిపి బొమ్మనంతా, చంకలు, మెడ వెనక, పీఠం అడుగు కూడా వదలకుండా పూయాలి. ఈ దశలో బొమ్మ అంటుకుపోయిన అప్పచ్చిలా కనిపిస్తుంది. ఇంట్లోవారు నవ్వుతారు. నవ్వనివ్వండి. రాత్రంతా ఆరనివ్వాలి.

ఆ తరువాత ఎండు కుంచె. అసలు కిటుకు ఇదే గనుక నింపాదిగా చెపుతాము. వెంట్రుకలు గట్టిగా ఉండే వెడల్పు కుంచె కావాలి. మేము గడ్డం గీసుకునే పాత బ్రష్షును పొట్టిగా కత్తిరించి వాడుతున్నాము. బంగారు రంగులో నాలుగో వంతు రాగి రంగు కలిపి, కుంచె కొనకు అంటించి, వెంటనే పాత బనీను గుడ్డ మీద తుడిచేయాలి. ఇంకా తుడవాలి. కుంచెలో రంగేమీ లేదే అనిపించేదాకా తుడవాలి. అప్పుడు ఆ కుంచెను బొమ్మ మీద తేలికగా, దుమ్ము దులిపినట్టు ఆడించాలి. పల్లాలు తాకకుండా ఎత్తుల మీద మాత్రమే లోహం మెల్లగా మొలుస్తుంది. వేలి కణుపులు, హారపు పూసలు, కిరీటపు గీతలు ఒక్కొక్కటే బయటికి వస్తవి. ఆ చీకటిలోంచి బొమ్మ లేచి వస్తుంటే చూడడం, ఆఫీసులో పది గంటలు దస్తాలు తిరగేసి వచ్చినవాడికి ఎంత హాయో అనుభవించినవారికే తెలుసు. ఒకసారికి తనివి తీరదు గనుక రెండవసారి, మూడవసారి ఆడించవచ్చు. అయితే ప్రతిసారీ ఇంకా తక్కువ చోట, ఇంకా లేత రంగుతో ఆడించాలి.

ఆరినాక సందుల నలుపు. అంబరు, నలుపు కలిపిన రంగు ఒక చుక్కకు నీళ్ళు ఎనిమిది, పది చుక్కలు కలిపి పలచగా చేసి, మెత్తని కుంచెతో మడతలలోకి జారవిడవాలి. రెండు నిమిషాలు ఆగి, ఎత్తుల మీద పడినదాన్ని తడిగుడ్డతో తుడిచేయాలి. సందులలోది సందులలోనే ఉండనివ్వాలి. ఇంటి పాత కావాలంటే ఇక్కడితో ముక్కాలు పని అయింది. చందనం రంగు ఒక చిటికెడు చెవి వెనక, కుంకుమ రంగు ఒక చుక్క పీఠం గాడిలో వేసి తుడిచి, కొద్దిగా వదిలితే చాలు.

భూమి పాతకైతే చిలుము పూత. తెలుపులో ఆకుపచ్చ, రవ్వంత నీలం కలిపి పలచని మజ్జిగలా చేసుకోవాలి. ఎక్కడ పూయాలో తెలియాలంటే బొమ్మ నెత్తిన నిజంగానే ఒక గ్లాసు నీళ్ళు పోసినట్టు ఊహించుకోండి. నీరు ఎక్కడ ఆగుతుంది? మడిచిన మోచేతి లోపల, కాలివేళ్ళ నడుమ, పద్మపీఠం రేకుల మొదట్లో. అక్కడే పూయాలి. పూసి, పైపైన అద్ది తీసేయాలి. తగ్గించడం కష్టం, పెంచడం తేలిక.

కడపట ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ బొమ్మను ఎవరు, ఎక్కడ పట్టుకుంటారు? దానికి మా ఇంటి సంగతే చెపుతాము. మా తాతగారి నాటి ఇత్తడి ఆంజనేయుడు పంపకాలలో సేలంలోని మా పెదనాన్నగారింటికి వెళ్ళాడు. మా పిన్నికి ఆ ఆంజనేయుడి మీద ప్రాణం. పెదనాన్నగారిని అడిగి వారం రోజులు అరువు తెచ్చి, అదే ఎత్తు ప్లాస్టరు ఆంజనేయుణ్ణి కొని, రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టుకున్నాము. అసలు ఆంజనేయుడి ముక్కు అరిగి ఉంటుందని తెలుసు. జోడించిన చేతుల నడుమ మసి ఉంటుందనీ తెలుసు. తెలియనిది నడుము. నడుము చుట్టూ ఉంగరంలాగ మెరుస్తున్నది. ఎందుకని చాలాసేపు చూస్తే తట్టింది. మా నానమ్మ మొదలు అందరూ ఆయన్ను నడుము పట్టుకొనే పెట్టెలోంచి ఎత్తారు. ఎనభై ఏళ్ళ కొలువులు ఆ నడుము దగ్గర ఉన్నవి. ప్లాస్టరు ఆంజనేయుడి నడుముకు లేత బంగారం ఒక చుట్టు ఎక్కువ ఆడించాము. పిన్ని బొమ్మను చేతిలోకి తీసుకున్నది, నడుము దగ్గర పట్టుకొనే తీసుకున్నది. ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి కుంకుమ తెచ్చింది.

ఆ ఆంజనేయుడి కథ ఇంకొంచెం ఉన్నది. మరుసటి ఏడు కొలువుకు ముందు వారింటికి కొత్తగా వచ్చిన కోడలు, పాపం, ఇత్తడి అనుకొని చింతపండు పెట్టి తోమింది. ఆంజనేయుడు అక్షరాలా తెల్లబోయాడు! మళ్ళీ రంగు వేయడానికి రెండు ఆదివారాలు పట్టింది. అందుచేత చివర మెరుపు లేని మ్యాట్ వార్నీషు ఒక పూత తప్పనిసరి. ఎత్తుల మీద మాత్రం కొద్దిగా తేనెమైనం గుడ్డతో రుద్దితే ఇత్తడి తళుకు వస్తుంది. అయితే ఏ వార్నీషూ చింతపండుకు ఆగదు.

ఇనుము వన్నెకు ఇంత శ్రమ లేదు. నల్ల రంగు పూసి ఆరినాక, పెన్సిలు ముల్లు గీకిన పొడి వేలితో అద్ది రుద్దితే చాలు. భీముడి గద, మైదానం సెట్టులోని రైలుబండి, పిల్లల ప్లాస్టిక్ సిపాయిలు అన్నీ ఉక్కు అయిపోతారు. తుప్పుకు జాజు, మెత్తటి ఇటుకపొడి కలిపి పలచని బంకతో అతుకుల దగ్గర అద్దండి. గద మీద తుప్పు వేయకండి, భీముడు ఊరుకోడు.

నిజమైన లోహం మీదనే చేయాలని ఉబలాటపడేవారు కొందరుంటారు. రాగి తీగతో చేసిన చిన్న చెట్టు, రాగిరేకు పల్లకి వంటివాటికి అది చెల్లుతుంది. కొత్త రాగి ముక్కను ఉప్పునీటితో తడిపి, మూత ఉన్న పాత ప్లాస్టిక్ డబ్బాలో, అడుగున కొంచెం అమ్మోనియా నీళ్ళు పోసి వాటికి తగలకుండా పైన నిలిపి మూత పెడితే, ఒక రోజుకు నీలిపచ్చ చిలుము కడుతుంది. నలుపుకు ఉడికించిన కోడిగుడ్డు చిదిమి రాగితోపాటు మూసి ఉంచితే అందులోని గంధకం ఆ పని చేస్తుంది. గుడ్డు గడప దాటరాని ఇళ్ళవారికి ఈ మాట వర్తించదు. ఇవన్నీ పెరట్లో, గాలి ఆడేచోట, పిల్లలకు దూరంగా చెయ్యాలి. అమ్మోనియాను బ్లీచింగుతో ఎన్నడూ కలపకండి, ప్రాణానికి ముప్పు. ఆ డబ్బా మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. రాగి చిలుము విషమని మన పెద్దలకు తెలుసు. అందుకే ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించారు.

మందు పెట్టి లోహాన్ని నల్లబరచడం మన పక్కనే ఒక గొప్ప విద్య అయి ఉన్నది. బీదరు పనివారు జింకులో కొద్దిగా రాగి కలిపి పాత్ర పోతపోసి, వెండి తీగ పొదిగి, చివరకు బీదరు కోటలోని పాత మట్టినీ నవాసాగరాన్నీ కలిపి కాచిన పాత్ర మీద రుద్దుతారు. పాత్ర కాటుక నలుపు అవుతుంది, వెండి మాత్రం చెక్కు చెదరదు. గుల్బర్గా, బీదరు వైపు ఉన్న మన కుటుంబాలలో ఒక బిద్రీ పాన్దాను అయినా ఉండకపోదు. దాన్ని చూసి పాతబడి నల్లబడిందనుకొని తెల్లగా తోమాలని చూసేవారికి ఒక మనవి: అది పుట్టుకతోనే నలుపు, దయచేసి ముట్టుకోకండి.

అక్కడికే వస్తున్నాము. ఈ పనులన్నీ కొత్త బొమ్మలకే. అమ్మమ్మ ఇచ్చిన మట్టి బొమ్మ రంగు వెలిసిపోయింది, దానికి కంచు వన్నె వేయవచ్చునా అని ఒక సోదరి వ్రాశారు. వద్దమ్మా. ఆ వెలిసిన రంగు అమ్మమ్మ చూసిన రంగు. దాని మీద మీరు పూసినది రేపు తీయరాదు. చెక్కబొమ్మల జంటకూ ఇదే మాట. ఇక ఇంట్లో నిజంగా పాత పంచలోహ విగ్రహం ఉండి, దాని మీద లేత పచ్చ పొడి రాలుతూ ఉంటే అది అందం కాదు, లోహానికి పట్టిన జబ్బు. ఉప్పు, తేమ కలిసి లోపల తింటూ ఉంటవి. చింతపండు, నిమ్మకాయ, నీళ్ళు తగలనివ్వకుండా పొడిగా ఉంచి తెలిసినవారికి చూపించాలి. ఎగుమూరు మ్యూజియంలో 1930 నుంచి ఇటువంటి చికిత్సకే ఒక రసాయనశాల ఉన్నది.

పాత వన్నె ఎంత దూరం పోగలదో చెప్పడానికి మన ముంగిట్లోనే ఒక ఉదంతం ఉన్నది. 1951లో తంజావూరు జిల్లా శివపురంలో పొలం దున్నుతుండగా చోళుల నాటి నటరాజు మరికొన్ని విగ్రహాలతోపాటు బయటపడ్డాడు. కొన్నేళ్ళకు మరమ్మతు పేరిట ఆయన్ను బయటికి పంపారు. తిరిగి వచ్చినది నకలు. గుడిలో ఆ నకలుకే హారతులు నడిచినవి. అసలు నటరాజు చేతులు మారి దేశం దాటిపోయాడు. గుడిలోది అసలు కాదని 1965లో డగ్లస్ బారెట్ అనే పండితుడు చోళ విగ్రహాల మీద వ్రాసిన పుస్తకంలో బయటపెట్టేదాకా లోకానికి తెలియలేదు. 1973లో అమెరికాలో నార్టన్ సైమన్ సంస్థ కొన్నది. మన ప్రభుత్వం దావాకు దిగి, 1976లో ఒడంబడిక చేసుకొని, 1986లో వెనక్కి రప్పించింది. ఈ లోపల 1972లో పురావస్తువుల చట్టం కూడా వచ్చింది. నూరేళ్ళకు తక్కువ కాని శిల్పాన్ని సొంతదారైనా దేశం దాటించరాదు.

మన ప్లాస్టరు ఆంజనేయుణ్ణి ఎవరు దొంగిలించి ఎక్కడ అమ్ముకుంటారని నవ్వవచ్చు. అమ్మకం సంగతి అటుంచండి. నలభై ఏళ్ళ తరువాత మీ మనుమలు పంపకాలకు కూర్చున్నప్పుడు, ఏది తాతగారి ఇత్తడి, ఏది ఇంట్లో చేసిన నకలు అని తెలియక మాట పట్టింపులు వస్తే? అసలు పోయి నకలు మిగిలితే, చూడగానే ఎవరో మార్చారని ఒకరినొకరు అనుమానించుకుంటే? అన్నదమ్ములు విడిపోవడానికి అంతకంటె చిన్న కారణాలే చూశాము. మేము గుమాస్తాలం, అంకె వేయని కాగితం మా బల్ల దాటదు. అందుచేత ప్రతి నకలు బొమ్మ అడుగున, వార్నీషుకు ముందు, తెల్ల రంగుతో ‘నకలు’ అనీ, చేసిన ఏడూ, కొలువు పుస్తకంలో వరస నెంబరూ వ్రాస్తున్నాము. మా ఇంటి కొలువు పుస్తకం ఒక పాత వంద పేజీల నోటుబుక్కు. నెంబరు, బొమ్మ పేరు, దేనితో చేసినది, ఎవరు ఇచ్చినది, ఏ ఏడు వచ్చింది, అసలు ఎవరింట ఉన్నది అని ఆరు గళ్ళు. కొత్త కోడళ్ళకు మొదటి నవరాత్రికి ముందు ఆ పుస్తకం చూపిస్తున్నాము. ఇప్పుడు చింతపండు భయం లేదు.

కొలువు ఎత్తివేశాక ఈ బొమ్మలను దాచడంలో ఒక జాగ్రత్త. అచ్చు కాగితాలలో చుట్టవద్దు, సిరా అంటుకుంటుంది. ఉతికి ఆరబెట్టిన పాత పంచె ముక్కలలో చుట్టాలి. కలరా ఉండలు పెట్టెలో వేయకండి, వాటి ఆవిరికి కొన్ని రంగులూ ప్లాస్టిక్కులూ మెత్తబడి గుడ్డకు అతుక్కుంటవి. ఎండిన వేపాకు ఒక సంచిలో కట్టి మూలన పెడితే చాలు. ప్లాస్టరు బొమ్మలు పైన, ఇత్తడివి కింద ఉండాలి. పెట్టె మూత మీద ఏయే నెంబర్లు లోపల ఉన్నవో చీటీ అతికించండి.